గొడుగులక్క కుట్టిన టెంటు

గొడుగులక్క కుట్టిన గొడుగులోంచి చుక్క నీరు కారిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. అనడానికి భయపడి కాదు, నిజంగానే కారలేదు. భయపడేవాళ్ళూ ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

మేడ మెట్ల కింద, తాళాలు బాగుచేసే ఆయన బడ్డీకీ జెరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది ఆమెది. అందులో ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, విరిగిన గొడుగుల ఊచలు నిలబెట్టిన నూనె డబ్బా, కుట్ల మీద రుద్దడానికి ఒక మైనం ముద్ద. గొడుగులతో మొదలైన పని తర్వాత దుకాణాల ముందు దించే పరదాలకూ, స్కూటర్ల కవర్లకూ, లారీల మీద కప్పే టార్పాలిన్లకూ పాకింది. నీళ్ళు ఆపాల్సిన గుడ్డ ఏదైనా చివరికి ఆమె ఒళ్ళోకే వచ్చేది. అంచును రెండు మడతలు మడిచి, రెండు వరసలు కుట్టి, మైనం రుద్ది, వెలుతురుకు ఎత్తి పట్టి చూసేది. సూదిమొనంత వెలుగు కనిపించినా విప్పి మళ్ళీ కుట్టేది. తొందరపెట్టినవాళ్ళకు గొడుగు బదులు నాలుగు చీవాట్లు ఇచ్చి పంపేది.

మనిషి మంచిదే. కాకపోతే వేలాడే దారం, విడిపోయిన కుట్టు, గుడ్డలో కన్నం, వీటిలో ఏది కనిపించినా ఆమె చెయ్యి ఊరుకోదు. ఒకసారి బస్సులో ముందు సీటాయన కాలరు నుంచి దారం వేలాడుతుంటే, సంచిలోంచి కత్తెర తీసి చప్పుడు కాకుండా తుంచేసింది. మెడకు చల్లగా ఏదో తగిలి ఆయన ఉలిక్కిపడి తిరిగేసరికి ఈవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇలాంటివి చెప్పుకుని వీధంతా నవ్వుకునేది. ఆ ఊరుకోని చెయ్యి ఒకసారి సొంత ఇంట్లోనే ఎంత పని చేసిందో మాత్రం వీధికి తెలియదు.

కొట్టు పైన, మూడో అంతస్తులో ఇల్లు. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. పగలంతా ఎవరో ఒకరి మేడలో లిఫ్టు గోతిలో దిగి ఉండే మనిషి కాబట్టి, ఇంటికొచ్చాక కూడా ఆయన మాట గోతిలోంచి వచ్చినట్టు ఆగి ఆగి వస్తుంది. ఇంట్లో మూడో మనిషి ఆయన చెల్లెలు. గొడుగులక్క కాపురానికి వచ్చేనాటికి ఆ పిల్ల బడికి పోతోంది. జడలు వేసింది, లెక్కలు తప్పితే చెవి మెలిపెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది వదినే. అలాగని దెప్పిపొడుపులకు లోటేమీ లేదు. మీ అన్న మింగేసిన మాటలన్నీ నీ నోట్లోంచి వస్తున్నాయే అని వదిన అంటే, నువ్వు సందిస్తే కదా మా అన్న మాట్లాడేది అని ఆడపడుచు అనేది.

ఆడపడుచు చదువు కాగానే ఊరి చివర ఒక నర్సరీలో చేరింది. పెళ్ళి మాట ఎత్తితే మట్టి చేతులతోనే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకునేది. ఆ నర్సరీ నడిపే తాత ఆమెకు కొమ్మ ఎక్కడ కోయాలో, ఎంత తడిలో నాటాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఎవరు నాటినా వడిలిపోయే కొమ్మ ఆ పిల్ల నాటితే బతుకుతుందని, ఆమెది చల్లని చెయ్యి అని అక్కడ పనిచేసేవాళ్ళంతా అనుకునేవారు. ఆ మాట ఎవరన్నా అంటే పైకి కొట్టిపారేసేది గానీ ఆ రోజంతా ఆమె మొహంలో వెలుగు ఉండేది. వదిన అది గమనించేది.

తాత దగ్గర ఒక చామంతి ఉంది. ఇటుకల రంగు ఎరుపు, రెక్క తిప్పి చూస్తే అడుగున తేనె రంగు. అది ఎవరూ వేయకుండా చెత్తకుప్పలో మొలిచింది. పీకి పారేస్తే మళ్ళీ మొలిచింది. అందుకని తాత దాన్ని మొండిది అని పిలిచి, కుండీలోకి మార్చి, ఏళ్ళ తరబడి కొమ్మ కొమ్మగా పెంచుకొచ్చాడు. అలాంటి పువ్వు ఇంకెక్కడా లేదు. విత్తనం వేస్తే రంగు మారిపోతుంది, కొమ్మ నాటితేనే అదే పువ్వు వస్తుంది. ఆ ఏడు వానలు విడవకుండా కురిసి నర్సరీ మట్టికి తెగులు పట్టింది. వేళ్ళు కుళ్ళిపోయి మడులకు మడులే పడిపోయాయి. ఇంకా నిలబడి ఉన్న నాలుగు మొక్కల నుంచి తాత మొండిదాని కొమ్మలు కోయించి, తడిగుడ్డలో చుట్టి ఆడపడుచు చేతిలో పెట్టాడు. ఆయన చేతులకు అప్పటికే వణుకు. నర్సరీ మూసేస్తున్నానని, ఇవి బతికితే మొండిది ఉన్నట్టు లేకపోతే లేనట్టేనని చెప్పి, గేటుకు తాళం వేసుకున్నాడు.

ఇంట్లో వెనక గదిలో ఆడపడుచుకు ఒక టెంటు ఉంది. మనిషి నిలబడగలిగేంత బీరువాలాంటి గుడ్డ గది అన్నమాట. బయట నలుపు, లోపల వెండి రంగు. పైన ఎల్‌ఈడీ లైటు పలక, కింద అరల మీద ట్రేలు, ట్రేల్లో కొబ్బరి పొట్టు, అందులో నాటిన కొమ్మలు. ఎండతో, వానతో, తెగులు మట్టితో సంబంధం లేకుండా నారు పెంచుకునే ఏర్పాటు. లైటు అమ్మిన కొట్టువాడు ఎల్‌ఈడీకి వేడేమిటండీ అని నవ్వాడట. వెలుగు కిందికి పోతుంది, నిజమే. వేడంతా పలక వీపు మీద కూర్చుంటుంది. చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది. ఆ వేడిని టెంటు పైభాగాన ఉన్న ఫ్యాను లాగి, ముడతల గొట్టం గుండా కిటికీలోంచి బయటికి తోసేస్తుంది. పోయిన గాలికి బదులు చల్లగాలి లోపలికి రావాలి కదా. అందుకు టెంటు వెనక గోడకు అడుగున రెండు జాలీ కిటికీలు ఉంటాయి.

కొని తెచ్చిన ఆ టెంటు జిప్పు ఊడిపోయి, మూలలు చిరిగిపోయి ఉంది. సరిగ్గా మొండిదాని కొమ్మలు ఇంటికొచ్చిన వారంలోనే వదిన దాన్ని చూసి ముక్కున వేలేసుకుంది. ఇది కుట్టినవాడెవడో గానీ వాడి చేత బస్తా కూడా కుట్టించకూడదని తీర్మానించి, కొత్తది తనే కుడతానంది. ఎలా ఉండాలో చెప్పమంటే ఆడపడుచు చెప్పింది ఒక్కటే. లోపలి వెలుగు బయటికి పోకూడదు, బయటి దుమ్ము, పురుగు లోపలికి రాకూడదు. గాలి సంగతి చెప్పలేదు. పాత టెంటు కళ్ళ ముందే ఉంది, అందులో కిటికీలు ఉన్నాయి, వేరే చెప్పాలని ఆమెకు తోచలేదు.

గొడుగులక్క పాతదాన్ని విప్పి, కొలతలు తీసుకుని, పాత జాలీలనే కత్తిరించి కొత్త గుడ్డకు అమర్చింది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. జాలీ నిండా కన్నాలు. కన్నాల్లోంచి వెలుగు. ఇంకేముంది, చెయ్యి ఊరుకోలేదు. జాలీకి లోపలి వైపు అదే వెండి గుడ్డ ముక్క అస్తరుగా వేసి, నాలుగు పక్కలా రెండు వరసలు కుట్టి, మైనం రుద్దేసింది. మళ్ళీ ఎత్తి చూస్తే నిండు చీకటి. ఆ రోజు ఆమె పని ఆమెకే ముద్దొచ్చింది.

వెనక గోడ గది గోడకు ఆనుకుని ఉంటుంది, లోపల ట్రేల అర అడ్డం. ఆడపడుచు బయటి నుంచి చెయ్యి దూర్చి, కిటికీ మీది గుడ్డ మూతను పైకి చుట్టి కట్టింది. వేలికి జాలీ తగిలింది. తెరిచే ఉందనుకుంది.

మొదట్లో ఏమీ కాలేదు. వాతావరణం చల్లగా ఉంది, కొత్త జిప్పు పక్కల నుంచి కొంత గాలి దూరేది. కొమ్మలు వేళ్ళు తన్నాయి, చిగుళ్ళు వేశాయి. తాతకు ఫోన్ చేసి చెబితే ఆయన ఒక్కొక్క కొమ్మ సంగతీ అడిగి చెప్పించుకున్నాడట. తర్వాత ఎండలు ముదిరాయి. ఆకుల అంచులు ముడుచుకోవడం మొదలైంది. లోపలి వేడి ఎన్ని డిగ్రీలో చూపించే మీటరు మధ్యాహ్నానికల్లా ముప్పై దాటేది. అంతకంటే వదినను బాధపెట్టింది ఇంకొకటుంది. టెంటు గోడలు బుగ్గలు పీక్కుపోయినట్టు లోపలికి పీక్కుపోయాయి. తను కుట్టిన గుడ్డ అలా వదులుగా ముడతలు పడి కనిపించడం ఆమెకు తల కొట్టేసినట్టయింది. కొట్టులోంచి గొడుగు ఊచలు తెచ్చి, గోడలకు గుడ్డ పట్టీలు గొట్టాల్లా కుట్టి, వాటిలో ఊచలు దూర్చి, గుడ్డను బిర్రుగా నిలబెట్టింది. జిప్పు పక్క నుంచి వెలుగు గీత కనిపిస్తోందని దాని మీద ఒక పట్టీ కూడా కుట్టింది.

వేడి ఇంకా పెరిగింది. భర్త ఒక సాయంత్రం వచ్చి చూసి, చాలాసేపు ఆలోచించి, "ఫ్యాను చిన్నది," అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ వారానికి వచ్చిన పెద్ద మాట అదే. మర్నాడు పాత మేడలో తీసేసిన పెద్ద ఫ్యాను తెచ్చి బిగించాడు. దాని మోతకు పక్కింటివాళ్ళు తలుపు తట్టారు. మీటరు మాత్రం దిగలేదు. ఇంట్లో ముగ్గురూ తలా ఒక చెయ్యి వేసి ఆ మొక్కల గొంతు నొక్కుతున్నారు, ఎంత ప్రేమగా నొక్కుతున్నారో చూడండి.

ఆడపడుచు తిండి మానేసింది. లైటు పైకి ఎత్తింది, దించింది, లైటుకు కరెంటు సర్దే డబ్బాను టెంటు బయటికి మార్చింది, నీళ్ళు మార్చింది, మంచుగడ్డలు సీసాల్లో పెట్టి అరల మధ్య నిలబెట్టింది. రోజుకొక కొమ్మ చొప్పున నల్లబడుతూనే ఉంది. ఒక ఉదయం ఆమె ట్రే ముందు కూర్చుని చేతులు తిప్పి చూసుకుంటుంటే వదిన చూసింది.

"నా చెయ్యి మంచిది కాదు వదినా. ఇన్నాళ్ళూ మంచిదని భ్రమపడ్డాను అంతే," అంది ఆడపడుచు.

వదిన ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. పిచ్చి మాటలాడకు అని కసిరింది, టీ తెచ్చి తాగేదాకా ఎదురుగా నిలబడింది. కానీ ఆడపడుచు అప్పటికే నిశ్చయించుకుంది. తాతను పిలుచుకొచ్చి, మిగిలినవి ఆయన చేతికే అప్పగించేస్తానంది. ఆయన ఏం చేస్తాడే, చేతులు వణికే మనిషి, అని వదిన అంటే, నా చేతిలో చచ్చిపోవడం కంటే అదే నయం అంది. తాత ఉండేది బస్సు మారి వెళ్ళాల్సిన పేట. పోయి రావడానికి మధ్యాహ్నం దాటుతుంది. వదినను టెంటు దగ్గర కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పింది. ముప్పై అయిదు దాటితే ఫోన్ చెయ్యి. ఫ్యాను ఆపకు. లైటు తగ్గించు కానీ ఆర్పకు, చీకటెక్కువైతే చామంతి మొగ్గ తొడుగుతుంది, మొగ్గ తొడిగిన కొమ్మ మళ్ళీ నాటడానికి పనికిరాదు.

ఆ మధ్యాహ్నం గది గోడ ఎండకు కాగిపోయి ఉంది. గొడుగులక్క స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో ఒక పరదా వేసుకుని, అంచు కుడుతూ మీటరు చూస్తోంది. మీటరు డబ్బా బయట, దాని తీగ చివర లోపల వెనక అర దగ్గర. ముప్పై మూడు అన్నది ముప్పై నాలుగు అయింది. ఆమె కుట్టడం ఆపింది. ముప్పై అయిదు అయింది. ఫోన్ చేసింది. అవతల ఆడపడుచు ఫోన్ అందుబాటులో లేదంది. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే గొంతు. భర్తకు చేసింది. ఆయన గోతిలో ఉండి ఉంటాడు, మోగనైనా మోగలేదు.

లైటు మీటను చివరిదాకా తిప్పి వెలుగును బాగా తగ్గించింది. ఫ్యాను రెగ్యులేటరును చివరిదాకా తిప్పింది. మోత పెరిగింది, గొట్టం వణికింది. గుడ్డ గోడలు ఊచల మధ్య ఇంకా లోపలికి పోయాయి. అంకె కాసేపు నిలబడి, ఆమె ఊపిరి పీల్చుకునేలోగా ముప్పై ఆరు చూపించింది. ఏం చేస్తే ఏమవుతుందో తెలియదు, ఏమీ చేయకుండా కూర్చోవడం ఆమె ఒంటికి తెలియదు. హాల్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి టెంటు వైపు తిప్పి పెట్టింది. తడిగుడ్డ తెచ్చి టెంటు నెత్తిన వేసింది. గుడ్డ ఆవిరి కక్కింది తప్ప అంకె కదలలేదు. ఈ పిల్ల వచ్చేసరికి ఏం చూపించాలి అన్న ఒక్క మాటే ఆమె తలలో గిరగిరా తిరుగుతోంది.

అప్పుడే లోపల ఫట్‌మని ఏదో విరిగింది.

వెనక గోడలో ఊచ. విరిగిన మొన గుడ్డను చించుకుని బయటికి వచ్చింది. ఊచ పోవడంతో వెనక గోడ మొత్తం ఒక్కసారిగా లోపలికి వచ్చి ట్రేల మీద వాలింది. పక్క నుంచి వంగి చూస్తే గుడ్డ కింద కొమ్మలు నలుగుతున్న ఆకారం తెలుస్తోంది. గొడుగులక్క పై ప్రాణాలు పైనే పోయాయి. ముందువైపుకు పరిగెత్తి, పట్టీ పీకేసి, జిప్పు లాగింది. జిప్పు బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో లాగితే జానెడు తెరుచుకుంది.

తెరుచుకున్న సందులోంచి గాలి ఆమె మణికట్టును రాసుకుంటూ ఈల వేసినట్టు లోపలికి దూసుకుపోయింది. ఆ గాలి ఆమె చీర చెంగును కూడా లోపలికి లాగింది. ఆ క్షణంలోనే గోడలన్నీ దబ్బున వెనక్కి వచ్చి నిలబడ్డాయి. ట్రేల మీద వాలిన గుడ్డ లేచింది. వారాల తరబడి అరుస్తున్న ఫ్యాను గొంతు తగ్గి, మామూలు ఫ్యానులా తిరగడం మొదలుపెట్టింది.

ఆమె జిప్పు మూసింది. గోడలు పీక్కుపోయాయి, ఫ్యాను అరిచింది. తెరిచింది. గోడలు సడలాయి. మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచింది. గుడ్డ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. వదులుగా ఉండి ముడతలు పడే గుడ్డ వేరు, అవతలి నుంచి లాగబడే గుడ్డ వేరు. ఇన్నాళ్ళూ తన కుట్టు వదులైందని సిగ్గుపడిందే తప్ప, లోపల గాలి లేక టెంటు గుడ్డను పీల్చుకుంటోందని అనుకోలేదు.

జిప్పు మొత్తం తెరిచేసింది. ముందు వరస ఆకులు ఊగాయి. వెనక వరస ఊగలేదు. గాలి తలుపు దగ్గర దూరి అటు నుంచి అటే పైకి, ఫ్యానులోకి పోతోంది. వెనక అర దగ్గర మీటరు అంకె అక్కడే ఉంది. వెనక గాలి ఎటు నుంచి రావాలి? ఈ ప్రశ్న వేసుకున్న మరుక్షణం ఆమెకు జవాబు తెలిసింది.

మోకాళ్ళ మీద వంగి, గోడకూ టెంటుకూ మధ్య సందులోకి చెయ్యి దూర్చింది. మూత చుట్టి కట్టి ఉంది. జాలీ తగిలింది. వేలితో గట్టిగా నొక్కింది. జాలీ వెనక గుడ్డ. గుడ్డ చుట్టూ రెండు వరసల కుట్టు, వేలికి జారే మైనం. ఆ కుట్టు ఎవరిదో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు.

టెంటును పక్కకు ఈడ్చి, బ్లేడు తీసింది. కుట్టు విప్పుదామని చూస్తే బ్లేడు మొన దూరలేదు. ఎవరైనా విప్పలేనంత గట్టిగా కుట్టాలన్నదే కదా ఆమె పంతం. నీ చెయ్యి పడిపోను అని తనను తనే తిట్టుకుంది. కుట్టు జోలికి పోకుండా జాలీనీ అస్తరునూ కలిపి పొడిచి, అడ్డంగా కోసింది, నిలువుగా కోసింది. జీవితంలో ఎప్పుడూ గుడ్డను అలా కోయలేదు. కోసిన ముక్కలను చేత్తో పట్టి చింపింది. మొదటి కిటికీ, తర్వాత రెండోది. వేలు తెగి నెత్తురు వచ్చినా చూసుకోలేదు. కోతలోంచి గాలి లోపలికి పోతూ ఆమె చెంపకు తగిలింది. లేచి వచ్చి చూసేసరికి వెనక వరస ఆకులు కదులుతున్నాయి. మీటరు ముప్పై అయిదుకు దిగింది, ముప్పై నాలుగుకు దిగింది. గొడుగులక్క నేల మీద కూలబడి ఏడ్చింది.

కొమ్మలన్నీ వాలిపోయి ఉన్నాయి. వెనక వరసలో గుడ్డ నలిపినవి కొన్ని కాండం దగ్గరే విరిగాయి. మిగతావి లేస్తాయో లేదో చెప్పడానికి ఆమె దగ్గర చల్లని చెయ్యి లేదు. సన్నగా నీళ్ళు చిలకరించి, చూస్తూ కూర్చుంది.

ఎంతసేపు చూస్తుంది? చూపు ఆ కోతల మీదికి పోయింది. చిరిగిన అంచులు, వేలాడే పోగులు. చెయ్యి దానంతట అదే సంచిలోకి పోయి సూదీ దారమూ తీసింది. కిటికీ అంచులు మడిచి కుట్టేస్తే మొదటి నుంచీ అలాగే తెరిచి ఉన్నట్టు ఉంటుంది. ఊచ ఎండకు విరిగిందనొచ్చు. పక్కకు జరపగానే చల్లబడిందనొచ్చు. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు. అంచు మడిచి మొదటి కుట్టు వేసింది కూడా. రెండో కుట్టుకు సూది గుచ్చుతుంటే ఆ ఉదయం ట్రే ముందు చేతులు తిప్పి చూసుకుంటున్న పిల్ల గుర్తొచ్చింది. తనే జడలు వేసిన పిల్ల. ఈ అంచు నున్నగా కుట్టేస్తే ఆ పిల్ల జన్మంతా తన చెయ్యి మంచిది కాదనే అనుకుంటుంది. గొడుగులక్క దారం తెంపి, వేసిన ఒక్క కుట్టునూ ఊడదీసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ముందు ఆడపడుచు వచ్చింది, వెనక తాత, ఆయన చేతిలో మొక్కలు తీసుకుపోవడానికి ఖాళీ బుట్ట. దారిపొడుగునా ఆమె తనను తానే నిందించుకున్నట్టు ఆయన మొహమే చెబుతోంది. గదిలో టెంటు పక్కకు ఈడ్చి ఉంది, తలుపు తెరిచి ఉంది, వదిన చీర మీద నెత్తురు చుక్కలు.

"వెనక కిటికీలకు నేనే అస్తరు వేసి కుట్టేశాను," అంది వదిన. కూర్చున్నచోటు నుంచి లేవలేదు. "వెలుగు పోతోందని మూసేశాను. ఊచలు పెట్టి అది కనిపించకుండా కూడా చేశాను. నీ చెయ్యి మంచిదేనే. నా చెయ్యే చేయకూడని పని చేసింది."

ఆడపడుచు ఆమెను చూసింది, టెంటును చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని, చిరిగిన కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందో కోపమో వదినకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. అన్ని వారాలు, అన్ని కొమ్మలు, కోపం రాకుండా ఎలా ఉంటుంది? "ఒక్క మాట అడిగి కుట్టాల్సింది కదా వదినా," అని మాత్రం అంది. ఆ మాటకు వదిన తల వంచుకుంది.

తాత ట్రేల ముందు కూర్చున్నాడు. వణికే వేలితోనే ఒక్కొక్క కొమ్మ మొదలు తాకి చూశాడు. విరిగినవాటిని తీసి పక్కన పెట్టాడు. వెనక వరస దాదాపు మొత్తం ఆ పక్కకే చేరింది. వదిన ఆ కుప్ప వైపు చూడలేకపోయింది. ముందు వరస దగ్గరికి వచ్చేసరికి ఆయన వేలు ఆగింది. ఒక కొమ్మ మెడ ఎత్తుతోంది. దాని పక్కది కూడా. వేరు బాగానే ఉందని, సాయంత్రానికి లేస్తాయని ఆయన గొణుక్కున్నట్టు చెప్పాడు. ఖాళీ బుట్టను కాలితో తలుపు వైపు జరిపి, మళ్ళీ ఎప్పుడు కొమ్మ కోయాలో ఆడపడుచుకు చెప్పడం మొదలుపెట్టాడు. తీసుకుపోతానన్న మాట ఆయన ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఆయన్ని బస్సెక్కించి వచ్చాక వదిన సూదీ దారం తీసుకుని కిటికీల దగ్గర కూర్చుంది. తప్పు ఒప్పుకోవడం అయిపోయింది, ఇప్పుడు అంచులు కుడితే ఎవరికీ మోసం లేదు. ఆ చిరుగులను చూస్తూ అదే ఇంట్లో పడుకోవడం ఆమె వల్ల కాదు. ఆడపడుచు వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"కుట్టకు. అటు చూడు."

కోసిన అంచు నుంచి వేలాడుతున్న పోగులన్నీ ఒకే వైపుకు, లోపలికి తిరిగి సన్నగా ఊగుతున్నాయి. ఆడపడుచు అరచేతిని కిటికీకి అడ్డం పెట్టింది. పోగులు వాలిపోయాయి. చెయ్యి తీసింది. మళ్ళీ లేచి ఊగాయి. గాలి వస్తోందో లేదో ఇకమీద మీటరు చూసి భయపడక్కర్లేదని, ఇవి చూస్తే చాలని ఆమె అంది. మీ అన్నకు చెబుదాం, ఆ పెద్ద ఫ్యాను పట్టుకుపోతాడు అని వదిన అంటే, అన్నకు చెప్పినా జవాబు వచ్చే వారమే వస్తుంది అని ఆడపడుచు చాలా రోజులకు మొదటిసారి నవ్వింది.

మొండిది ఇప్పుడు కుండీల్లో ఉంది. తాత ఇంటి గుమ్మంలో ఒకటి, ఈ మేడ మీద కొన్ని, ఇంకా ఎవరెవరి ఇళ్ళల్లోనో. టెంటు మాత్రం అదే. గొడుగులక్క కొట్టుకు వచ్చేవాళ్ళకు ఆమె కుట్టులో ఇప్పటికీ సూదిమొనంత వెలుగు కనిపించదు. వేలాడే దారం కనిపిస్తే ఆమె చెయ్యి ఇప్పటికీ ఊరుకోదు. కానీ రోజూ పొద్దున్నే వెనక గదిలోకి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, తను చింపిన ఆ కిటికీల ముందు కాసేపు కూర్చుంటుంది. పోగులు లోపలికి ఊగుతున్నాయని చూసుకుని, కత్తెర ఉన్న సంచి భుజానికి తగిలించుకుని కొట్టుకు దిగిపోతుంది.